ఒకే మైదానము, మూడు ఆటలు: దక్షిణాఫ్రికా జాతీయగీతము నేర్పు పాఠము



రెండు దేశముల జట్లు ఆటకు ముందు వరుసగా నిలిచి తమ తమ జాతీయగీతములను ఆలపించుట నేడు మనకు అలవాటైన దృశ్యము. దేశములో శాంతి ఉన్నంతకాలము అది ఒక మర్యాద మాత్రమే. కాని దేశప్రజలే రెండుగా చీలి ఉన్నప్పుడు ఆ రెండు నిమిషములు ఆటకన్న బరువైనవి అగును. అది ఎవరి గీతము? ఏ భాషలో ఉన్నది? దానిని పాడలేనివాడు ఈ దేశస్థుడు కాడా? ఈ ప్రశ్నలన్నియు ఒక్కసారిగా మైదానములోనికి వచ్చి నిలుచును.

దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్ నగరములో ఎల్లిస్ పార్క్ అను రగ్బీ మైదానము ఉన్నది. అక్కడ 1992లోను, 1995లోను, 2018లోను జరిగిన మూడు ఆటలను వరుసగా చూచినచో ఈ ప్రశ్నలకు ఒక దేశము ఎట్లు సమాధానము వెదకినదో తెలియును. పైకి ఇది ఆటల కథ. లోన ఇది భాషల కథ. కావుననే ఇతర భాషల నడుమ తెలుగు బోధించు మనము దీనిని తెలిసికొనవలెనని నా అభిప్రాయము.

రెండు పాటల పుట్టుక

ఈ కథలో రెండు పాటలు ఉన్నవి. మొదటిదానిని కట్టినవాడు ఒక బడిపంతులు. పేరు ఈనాక్ సొంటోంగా. జోహన్నెస్‌బర్గ్ దగ్గరి మెథడిస్టు మిషను పాఠశాలలో పనిచేయుచు 1897లో ఖోసా భాషలో ఒక ప్రార్థనాగీతమునకు మాటలు, వరుస కూర్చినాడు. అదే ‘న్కోసి సికెలెలి ఆఫ్రికా’. దేవుడు ఆఫ్రికాను చల్లగా చూడవలెనని దాని భావము. సొంటోంగా 1905లో చిన్న వయస్సులోనే మరణించినాడు. తన పాట ఎంత దూరము పోవునో చూచుటకు అతడు బ్రతికి లేడు. 1912లో బ్లూమ్‌ఫాంటేన్ నగరములో నల్లజాతి నాయకులు కూడి స్థాపించిన మహాసభలో ఆ పాట పాడినారు. ఆ మహాసభయే తరువాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అయినది. 1923లో సాల్ ప్లాట్యే అను రచయిత లండనులో దానిని గ్రామఫోను రికార్డుకు ఎక్కించినాడు. ఖోసా కవి మ్‌ఖాయీ మరికొన్ని చరణములు చేర్చినాడు. తరువాత సెసోతో భాషలోనికి కూడ అది వెళ్లినది. ఏ ప్రభుత్వపు ఉత్తరువు లేకుండ, బడులనుండి, ప్రార్థనామందిరములనుండి, సభలనుండి అది నోటినుండి నోటికి వ్యాపించినది.

రెండవ పాట ‘డీ స్టెమ్’. దక్షిణాఫ్రికా పిలుపు అని దాని అర్థము. దీనిని 1918లో లాంగెన్‌హోవెన్ అను రచయిత ఆఫ్రికాన్స్ భాషలో వ్రాసినాడు. డి విల్లియర్స్ అను మతాచార్యుడు 1921లో వరుస కట్టినాడు. డచ్చివారి సంతతియైన తెల్ల రైతులు ఎడ్లబండ్లమీద దేశము లోపలికి సాగిపోయిన జ్ఞాపకము అందులో ఉన్నది.

ఇక్కడ భాషోపాధ్యాయులు కొంచెము ఆగి గమనించవలసిన విషయము ఒకటి కలదు. ఈ పాట పుట్టిననాటికి ఆఫ్రికాన్స్ అధికారభాష కాదు. 1902లో ఆంగ్లేయులతో యుద్ధములో ఓడిన పిదప, మిల్నర్ ప్రభువు పాలనలో బడులలో ఆంగ్లమునకే పెద్దపీట వేసినారు. డచ్చి మాటకు చోటు కొద్దిగానే మిగిలినది. ఇంటిలో మాట్లాడుకొను ఆఫ్రికాన్స్‌ను చదువుకున్నవారు సైతము వంటింటి భాషగా తక్కువచేసి చూచెడివారు. ఆ భాషకు ప్రాథమిక పాఠశాలలలో చోటు కావలెనని 1914లో కేప్ రాష్ట్ర సభలో తీర్మానము తెచ్చి నెగ్గించినవాడు ఈ లాంగెన్‌హోవెనే. 1925లో ఆఫ్రికాన్స్‌కు అధికారభాషా హోదా వచ్చినది. 1957లో ‘డీ స్టెమ్’ ఆ దేశమునకు ఏకైక జాతీయగీతమైనది. అనగా అది చిన్నచూపునకు గురియైన ఒక ఇంటిభాష గెలిచి పాడుకున్న పాట. మన తెలుగు పిల్లల బడులకొరకు పాటుపడువారికి ఆ కథలో సగము మన కథవలెనే తోచును.

భాషను బలవంతముగా రుద్దినప్పుడు

అయితే గెలిచిన భాష ఓడినవారి బాధను మరచిపోయినది. 1948లో అధికారమునకు వచ్చిన పక్షము వర్ణవివక్షను శాసనములుగా మార్చినది. ఎక్కడ నివసించవలెను, ఎవరిని వివాహమాడవలెను, ఏ బల్లపై కూర్చుండవలెను అనునవి చర్మపు రంగునుబట్టి నిర్ణయమైనవి. 1974లో నల్లజాతి పిల్లల పాఠశాలలలో గణితము, సాంఘికశాస్త్రము వంటి విషయములను ఆఫ్రికాన్స్ మాధ్యమములో బోధించవలెనని ఆజ్ఞ వెలువడినది. పిల్లలకు ఆ భాష సరిగా రాదు. చాలమంది పంతుళ్లకును రాదు. 1976 జూన్ 16న సొవెటోలో వేలాది విద్యార్థులు ఊరేగింపుగా బయలుదేరినారు. వారు పాడిన పాటలలో బడిపంతులు సొంటోంగా పాట ఒకటి. పోలీసులు కాల్పులు జరిపినారు. పండ్రెండేండ్ల హెక్టర్ పీటర్సన్ మొదలుగా ఎందరో పిల్లలు ప్రాణములు కోల్పోయినారు.

ఆనాటినుండి ఆఫ్రికాన్స్ పాట విన్నంతనే నల్లజాతివారికి తుపాకి చప్పుడు జ్ఞాపకము వచ్చెడిది. తప్పు భాషది కాదు. దానిని పిల్లల గొంతులోనికి నెట్టిన పద్ధతిది.

ఆటలలోను ఈ చీలిక కనిపించెడిది. రగ్బీ తెల్లవారి ఆటగా పేరుపడినది. మైదానములలో నల్లవారికి వేరుగా కంచె వేసిన స్థలము. అక్కడ నిలిచినవారు తమ దేశపు స్ప్రింగ్‌బాక్ జట్టు ఓడవలెనని, వచ్చిన విదేశీ జట్టు గెలువవలెనని కేకలు వేసెడివారు. ఒలింపిక్ సంఘము 1970లో దక్షిణాఫ్రికాను వెలివేసినది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ తుదిపోటీకి చేరిన భారతదేశము, ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా అయినందున ఆడ నిరాకరించినది. గెలుచుటకు అవకాశము ఉన్న కప్పును మన దేశము వదలుకొన్నది. పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది.

మొదటి ఆట: 1992 ఆగస్టు 15

1990 ఫిబ్రవరిలో నెల్సన్ మండేలా 27 సంవత్సరముల ఖైదునుండి విడుదలయినారు. కొత్త రాజ్యాంగముకొరకు చర్చలు మొదలైనవి. కాని రక్తపాతము ఆగలేదు. 1992 జూన్ 17న బోయిపటాంగ్ అను బస్తీలో 45 మంది హత్యకు గురియైనారు. చర్చలు నిలిచిపోయినవి.

అదే వేసవిలో బార్సిలోనా ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికా మరల ఆహ్వానము పొందినది. పాత జెండా, పాత గీతము వెంట తీసికొనిపోవుటకు వీలులేదు. కొత్తవి ఇంకను పుట్టలేదు. కావున ఒక తటస్థమైన పతాకమును, జాతీయగీతమునకు బదులుగా జర్మను సంగీతవేత్త బేతోవెన్ కూర్చిన ఆనందగీతమును ఏర్పాటు చేసికొన్నారు. తమదని చెప్పుకొనుటకు ఒక పాట లేని దేశముగా వారు అక్కడ నిలిచినారు.

ఒలింపిక్స్ ముగిసిన వారము దినములలోపుననే ఎల్లిస్ పార్క్‌లో న్యూజిలాండుతో రగ్బీ పోటీ. 1981 తరువాత ఆ రెండు దేశముల నడుమ జరుగు మొదటి అధికారిక పోటీ అది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ దానికి అంగీకరించినది, కాని షరతులు పెట్టినది. పాత జెండాను అధికారికముగా ఎగురవేయరాదు. ‘డీ స్టెమ్’ వాయించరాదు. హింసలో మరణించినవారికొరకు ఒక నిమిషము మౌనము పాటించవలెను.

ఆ రోజు జరిగినది వేరు. మౌనము పాటించవలసిన ఆ నిమిషములోనే ప్రేక్షకులు ‘డీ స్టెమ్’ ఎత్తుకొన్నారు. చేతులలో పాత జెండాలు ఊగినవి. పిమ్మట స్థానిక రగ్బీ సంఘాధిపతి ఆజ్ఞమీద ధ్వనివర్ధకములలో కూడ ఆ గీతము మ్రోగినది. ఆటలో న్యూజిలాండు 27–24తో గెలిచినది. కాని మరునాటినుండి దేశమంతట నడిచిన చర్చ పాటను గురించియే. తరువాతి వారము ఆస్ట్రేలియాతో జరుగవలసిన ఆటకు మద్దతు ఉపసంహరింతుమని కాంగ్రెస్ హెచ్చరించినది. ఎట్టకేలకు ఆ ఆట జరిగినది.

ఆ ప్రేక్షకులను దుర్మార్గులని ఒక్క మాటలో తోసివేయుట సులభము. వారిలో చాలమందికి అది బాల్యమునుండి పాడుకున్న పాట. తమ భాష, తమ గుర్తింపు చేజారిపోవుచున్నవను భయముతో పాడినారు. చనిపోయినవారికొరకు కేటాయించిన మౌనముమీద పాడుట మాత్రము క్రూరత్వమే. మన పాటను ఎదుటివాని దుఃఖము వినబడకుండ పాడినచో అది పాటగా మిగులదు, కేకగా మారును.

రెండవ ఆట: 1995 జూన్ 24

1994 ఏప్రిల్‌లో అందరికిని ఓటుహక్కుతో ఎన్నికలు జరిగినవి. మండేలా అధ్యక్షులైనారు. ‘డీ స్టెమ్’ను తీసివేయవలెనని ఆయన పక్షములోనే పలువురు గట్టిగా కోరినారు. వారి కోరికలో అన్యాయము లేదు. కాని మండేలా ఒప్పుకొనలేదు. ఓడినవారి గుండెకు దగ్గరగా ఉన్న పాటను లాగివేసినచో వారు ఈ దేశమును ఎన్నటికిని తమదిగా తలపరని ఆయన వాదన. ఫలితముగా దేశమునకు రెండు జాతీయగీతములు ఏర్పడినవి. సభలలో ఒకదాని వెంట ఒకటి పాడెడివారు. కాని నల్లవారు ఒకటి పాడుచుండగా తెల్లవారు మౌనము వహించుట, రెండవదానికి వారు పాడుచుండగా వీరు మౌనము వహించుట తరచుగా జరిగెడిది.

1995లో ప్రపంచకప్ రగ్బీ పోటీలు దక్షిణాఫ్రికాలోనే జరిగినవి. స్ప్రింగ్‌బాక్ జట్టులో ఒక్క చెస్టర్ విలియమ్స్ తప్ప అందరును తెల్లవారు. చాలమంది ఆఫ్రికాన్స్ మాతృభాషగా కలవారు. ‘న్కోసి సికెలెలి’ వారికి రాదు. అది శత్రువుల పాట అని విని పెరిగినవారు. జట్టు నిర్వాహకుడు మోర్నే డు ప్లెసీ ఒక పని చేసినాడు. కేప్‌టౌన్‌లో ఖోసా భాష బోధించు ఒక ఉపాధ్యాయురాలిని పిలిపించి ఆటగాండ్రకు ఆ పాట నేర్పించినాడు.

ఈ సంగతి చరిత్ర పుస్తకములలో ఒక వాక్యముగా దాటిపోవును. మనకు అది ఒక అధ్యాయమంత పెద్దది. ఖోసాలో నాలుకను అంగిటికి, పండ్లకు తాకించి విడుచునప్పుడు పుట్టు టక్కుమను ధ్వనులు ఉన్నవి. ఆ భాష పేరులోని తొలి అక్షరమే అట్టిది. అలవాటు లేని నోటికి అది తిరుగదు. ఆరడుగుల వీరులు విద్యార్థులవలె కూర్చుండి మాట మాట పలుకుచు, అర్థము తెలిసికొనుచు నేర్చుకొన్నారు. ఏ శాసనసభయు చేయలేని పని ఒక భాషోపాధ్యాయురాలు కొద్ది పాఠములలో చేయగలిగినది.

జూన్ 24న తుదిపోటీ. మైదానము అదే ఎల్లిస్ పార్క్. ఎదుటి జట్టు అదే న్యూజిలాండు. స్ప్రింగ్‌బాక్ చొక్కా చాలమంది నల్లవారికి అణచివేత గుర్తు. ఆ చొక్కానే, నాయకుని 6వ సంఖ్యతో, ధరించి మండేలా మైదానములోనికి వచ్చినారు. తెల్లవారే అధికముగా ఉన్న ఆ జనము ఆయన పేరు పలుకుచు హర్షధ్వానములు చేసినారు. రెండు గీతములు వినిపించినవి. జట్టు నాయకుడు ఫ్రాంస్వా పియెనార్ మాత్రము పాడలేకపోయినాడు. నోరు తెరచినచో ఏడ్పు వచ్చునని పెదవి కొరుకుకొని నిలిచితినని తరువాత చెప్పినాడు. అదనపు సమయములో జోయెల్ స్ట్రాన్‌స్కీ కొట్టిన దెబ్బతో దక్షిణాఫ్రికా 15–12తో గెలిచినది.

ఒక్క ఆటతో పేదరికము పోలేదు, భూమి పంపిణీ కాలేదు. ఆ మాట ఆ దేశస్థులే చెప్పుదురు. కాని మూడేండ్ల క్రితము మౌనమును చెడగొట్టిన మైదానములో రెండు పాటలు పక్కపక్కన నిలిచినవి. అది చిన్న సంగతి కాదు.

అయిదు భాషల గీతము

1997 అక్టోబరులో రెండు గీతములను కలిపి కుదించి ఒకే గీతముగా ప్రకటించినారు. అది ఖోసాలో మొదలై, జులూలోనికి, సెసోతోలోనికి, ఆఫ్రికాన్స్‌లోనికి సాగి, ఆంగ్లములో ముగియును. 1996 రాజ్యాంగము గుర్తించిన 11 అధికారభాషలలో అయిదు ఇందులో ఉన్నవి. వరుసలో సైతము మొదలుపెట్టిన శ్రుతిలో ముగియదు. నడుమ శ్రుతి మారును. ఆఫ్రికాన్స్ భాగమును తీసివేయవలెనని కోరువారు నేటికిని ఉన్నారు. సొవెటోలో బిడ్డలను పోగొట్టుకొన్నవారి బాధను మనము తక్కువ చేయరాదు. అయినను ఆ పాట పాడు ప్రతి వ్యక్తియు తనది కాని భాషలో కనీసము కొన్ని పలుకులు పలుకవలసినదే.

ఎదుటి జట్టునకు కూడ ఇట్టి అనుభవమే కలిగినది. 1999లో ఇంగ్లండులోని ట్వికెన్‌హామ్ మైదానములో న్యూజిలాండు గీతమును హినెవెహి మోహి అను గాయని మావోరీ భాషలో మాత్రమే పాడినది. స్వదేశములో పెద్ద దుమారము రేగినది. కాని తరువాత మావోరీలో ఒకసారి, ఆంగ్లములో ఒకసారి పాడుట అక్కడ ఆచారమైనది.

మూడవ ఆట: 2018 జూన్ 9. ఇంగ్లండుపై ఎల్లిస్ పార్క్‌లో స్ప్రింగ్‌బాక్ జట్టును సియా కొలిసి నడిపించినాడు. టెస్టు పోటీలలో ఆ జట్టుకు తొలి నల్లజాతి నాయకుడు అతడే. ఖోసా అతని మాతృభాష. 1991లో జూన్ 16న, అనగా సొవెటో కాల్పులు జరిగిన తేదీననే, అతడు జన్మించినాడు. 1995లో ఆ జట్టువారు పాఠముగా నేర్చుకొన్న భాష ఇప్పుడు జట్టు నాయకుని ఇంటిభాష. ఆనాడు 42–39తో గెలుపు వారిదే.

ఆ దేశములోని తెలుగువారు

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో డర్బన్ రేవు చేరినది. 1911 వరకు లక్షా 52 వేలమంది భారతీయులు చెరకు తోటలకు, ఇతర పనులకు నాటాల్ వెళ్లినారు. వారిలో మన కోస్తా జిల్లాలవారు, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతములవారు ఉన్నారు. 1931లో వారు ఆంధ్ర మహాసభ స్థాపించుకొన్నారు. వర్ణవివక్ష కాలములో వారును కంచెకు అవతలివారే.

1996 రాజ్యాంగములోని 6వ అధికరణము, దేశములోని జనసముదాయములు వాడు భాషలను ప్రోత్సహించి గౌరవింపజేయవలెనని చెప్పుచు తమిళము, హిందీ, గుజరాతీ, ఉర్దూలతోపాటు తెలుగును పేరుపెట్టి పేర్కొన్నది. ఆంగ్లములో ఆ పేరు ‘టెలిగు’ అని వ్రాసియున్నది. అక్షరము తప్పినను గౌరవము తప్పలేదు. అయితే ఆ కుటుంబములలో అత్యధికుల ఇంటిభాష నేడు ఆంగ్లమే. రాజ్యాంగము చోటు ఇవ్వగలదు. నాలుకమీదికి భాషను తేలేదు. ఆ పని తల్లిది, తండ్రిది, పంతులుది.

మన తరగతి గదికి

మన పిల్లలు ఉదయము ప్రార్థనలో ఏమి పాడుచున్నారో గమనించండి. కర్ణాటకలో కువెంపు రచించిన నాడగీతము 2004లో అధికారికమైనది. ఒడిశాలో ‘వందే ఉత్కళ జనని’ 2020లో, తమిళనాట ‘తమిళ్‌త్తాయ్ వాళ్త్తు’ 2021లో, మహారాష్ట్రలో ‘జయ జయ మహారాష్ట్ర మాఝా’ 2023లో రాష్ట్రగీతముల హోదా పొందినవి. మన తెలుగు బిడ్డలు ఈ పాటలను పాడుచున్నారు, పాడవలెను కూడ. అది మనము నిలిచిన నేల పాట. కాని అర్థము తెలియక పెదవులు కదపుట పాడుట కాదు.

జాతీయగీతమునకును ఇదియే వర్తించును. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు విద్యార్థులకు ‘జనగణమన’ పాడి వినిపించినారు. అక్కడనే దాని భావమును ఆంగ్లములోనికి మార్చి ఇచ్చినారు. మార్గరెట్ కజిన్స్ దాని స్వరమును వ్రాసి పెట్టినారు. వంగభాషలోని పాట మన తెలుగునేలమీద, ఒక కళాశాలలో, అర్థముతో సహా వినేవారికి అందినది.

కావున ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈ నెలలో ఒక పీరియడు కేటాయించి, పిల్లలు ప్రతిదినము పాడు రాష్ట్రగీతములోని ప్రతి పదమునకు తెలుగులో అర్థము చెప్పించండి. జనగణమనకును అట్లే చేయించండి. వీలైనచో పక్క తరగతిలోని తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ పిల్లలకు ఒక తెలుగు పాటను, అర్థముతో, మన పిల్లలచేతనే నేర్పించండి. తల్లిదండ్రులు ఇంటివద్ద ఆ పదములను ఒకసారి అడిగి చూడండి.

ఆజ్ఞవలన పిల్లవాడు నిలుచుండును. అర్థము తెలిసినప్పుడు పాడును. తన పాటను ఎదుటివాడు కూడ నేర్చుకొన్ననాడు ఆ రెండు పాటలును అతనివే అగును. ఎల్లిస్ పార్క్‌లో 1992కును 1995కును నడుమ జరిగినది అదే. దానిని జరిపించినవారిలో ఒక బడిపంతులు పాట, ఒక భాషోపాధ్యాయురాలి పాఠము ఉన్నవని మనము మరువరాదు.